మా బోర్డుకు కళాయి

పోయినేడు శ్రావణ మాసంలో బాబాయ్ చెరువు గట్టు మీదున్న మోటారు షెడ్డుకు వెళ్ళి, అలారం బోర్డు డబ్బా విప్పాను. ఐదు నెలల ముందు నేనే చేసి, నేనే తగిలించిన బోర్డు. కరెంటు నడిచే రాగి గీతలు, అంటే ట్రాకులు, అన్నీ చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) దగ్గరికి వెళ్ళే సన్న ట్రాకు మధ్యలో తినేసి, తెగిపోయి ఉంది. ఆ బోర్డుకున్న పని ఒక్కటే. మూడు ఫేజుల్లో ఏది పోయినా హారన్ మోగించాలి. ముందు రోజు రాత్రి మూడున్నరకు ఒక ఫేజు పోయింది. చెరువు నీళ్ళకు గాలి అందించే ఏరేటర్ల స్టార్టర్లు ట్రిప్ అయ్యాయి. హారన్ మోగలేదు.

రొయ్యలు పెంచేవాళ్ళకు ఆ వేళ ఎలాంటిదో తెలుసు. పగలు ఎండలో చెరువుకు ఆక్సిజన్ ఇచ్చే నాచు, రాత్రయ్యేసరికి తానే ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజాముకు నీళ్ళలో ఆక్సిజన్ బాగా అడుగంటిపోతుంది. సరిగ్గా అప్పుడే ఏరేటర్లు ఆగాయి. కాపలా అతను మెలకువ వచ్చి చూసేసరికి రొయ్యలు గట్టు అంచులకు చేరి పైకి తేలుతున్నాయట. జనరేటర్ వేసి చాలావరకు కాపాడుకున్నారు, కొన్ని పోయాయి. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ బోర్డు ఒకసారి చూడరా అబ్బాయ్" అన్నాడంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

మాది మలికిపురం పక్క ఊరు. అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు ఉంటుంది. చెరువుల మీది తేమ సరేసరి. పొడి గాలి ఉన్న ఊళ్ళలో ఉత్త రాగి బోర్డు ఏళ్ళ తరబడి పనిచేస్తుందేమో గానీ, ఇక్కడ కొత్తగా ఎచ్చింగ్ చేసి (అక్కర్లేని రాగిని మందుతో కరిగించి, ట్రాకులు మిగిల్చి) బల్ల మీద పెట్టిన బోర్డు కూడా వానాకాలంలో వారానికే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ తర్వాత పార్టులను అతికించే సోల్డర్ పట్టదు, ఉండకట్టి జారిపోతుంది. సోల్డర్ పట్టడానికి రాసే ఫ్లక్స్ ఇంకాస్త వేస్తాం, ఆ ఫ్లక్స్ సరిగ్గా తుడవం, తేమకు అది కూడా ట్రాకును తినడం మొదలుపెడుతుంది. పాడైన నా బోర్డులో జరిగింది ఇదేనని తర్వాత భూతద్దం పెట్టి చూస్తే అర్థమైంది. చిలుము ముందుగా మొదలైంది ఫ్లక్స్ మరకలు ఉన్నచోటే.

ఆ బోర్డు ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టుకుని చూస్తుంటే అమ్మమ్మ వచ్చింది. కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇదేంట్రా, కళాయి పోయిన గిన్నెలా ఉంది" అంది. నేను ఆరోజు నుంచి చేస్తున్న పనికి మొదలు ఆ మాటే.

చిన్నప్పుడు ఏడాదికోసారి కళాయి వేసే అతను మా వీధికి వచ్చేవాడు. చింతచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. ఇత్తడి గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసారం పొడి చల్లితే గుప్పుమని తెల్లటి పొగ వచ్చేది. వెంటనే తగరం కడ్డీ ఆనించి, దూదితో గిన్నె లోపలంతా తుడిచేవాడు. క్షణంలో పసుపు రంగు గిన్నె లోపల వెండిలా మెరిసేది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది విడిపోయి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి ఇస్తుంది, ఆ ఆవిరి లోహం మీది మురికి పొరను తినేస్తుంది, అప్పుడు తగరం అంటుకుంటుంది. కళాయి లేని గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుందని, అది తింటే వాంతులవుతాయని అమ్మమ్మ వాళ్ళకు బాగా తెలుసు. మా బోర్డుకు పులుసు లేదు, దాని బదులు ఉప్పుగాలి ఉంది.

బోర్డును మాత్రం నిప్పుల మీద పెట్టలేం. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. సోల్డరింగ్ ఐరన్‌తో ట్రాకుల మీద సోల్డర్ రాస్తూ పోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కరెంటు ఎక్కువ మోసే లావు ట్రాకులకు నేనూ అలాగే చేస్తాను. కానీ చవక పేపర్ బోర్డు అయితే ఆ వేడికి ట్రాకు లేచిపోతుంది. చిన్న ఐసీ (చిప్) కాళ్ళ దగ్గర సోల్డర్ గుట్టలు గుట్టలుగా నిలిచి, ఐసీ సమంగా కూర్చోదు. అందుకే వేడి లేకుండా, సొల్యూషన్‌లో ముంచితే తగరం పట్టే పద్ధతికి వచ్చాను.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో తెలుసుకున్న రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. బళ్ళో మైలుతుత్తం నీళ్ళలో ఇనుప మేకు ముంచిన ప్రయోగం గుర్తుందా? మేకు మీద ఎర్రగా రాగి పడుతుంది, ఎందుకంటే ఇనుము రాగికన్నా తేలిగ్గా ద్రావణంలోకి కరిగే లోహం. అదే లెక్క చూస్తే తగరం కరిగి ఉన్న నీళ్ళలో రాగిని ముంచితే ఏమీ జరగకూడదు. లోహం ద్రావణంలోకి ఎంత తేలిగ్గా కరుగుతుందో చెప్పే ప్రామాణిక పొటెన్షియల్ రాగికి 0.34 వోల్టులు, తగరానికి మైనస్ 0.14; ఎంత తక్కువైతే అంత తేలిగ్గా కరుగుతుంది. రాగికి కరగాల్సిన అవసరమే లేదు. ఇక్కడ థయోయూరియా అనే పొడి వచ్చి లెక్క తారుమారు చేస్తుంది. రాగి అయాను బయటికి రావడం ఆలస్యం, దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అలా పట్టేసుకునేవాడు పక్కనే ఉంటే రాగి కరగడం తగరం కన్నా తేలికైపోతుంది. రెండు రాగి పరమాణువులు దిగిపోతే వాటి చోట ఒక తగరం పరమాణువు వచ్చి కూర్చుంటుంది. రాగి పూర్తిగా కప్పబడిపోయాక దిగడానికి దారి ఉండదు కాబట్టి పని దానంతట అదే ఆగిపోతుంది. పూత మందం ఒక మైక్రాను అటూ ఇటూ. బోర్డు మీది రాగి రేకు మామూలుగా 35 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ట్రాకు సన్నబడుతుందన్న భయం అక్కర్లేదు.

కావలసినవి నాలుగే. స్టానస్ క్లోరైడ్ (తగరం ఉండే లవణం), థయోయూరియా, హైడ్రోక్లోరిక్ యాసిడ్, డిస్టిల్డ్ వాటర్. మొదటి మూడూ రాజమండ్రిలో కాలేజీ ల్యాబులకు సరుకు వేసే షాపులో కొన్నాను. బాత్రూములు కడిగే యాసిడ్ వాడొద్దు, అందులో ఇనుము కలిసి ఉంటుంది, రంగు చూస్తేనే తెలుస్తుంది. నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేవి. మా బోరు నీళ్ళు నాలుక మీద పెట్టుకుంటేనే ఉప్పగా ఉంటాయి, వాటితో ఈ పని చేయకూడదు. తూకానికి బంగారం కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

నేను రెండు సీసాలుగా కలుపుతాను. మొదటి సీసాకు, గాజు బీకరులో 150 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని అందులోకి 35 శాతం యాసిడ్ 25 మిల్లీలీటర్లు మెల్లగా పోస్తాను. ఎప్పుడూ నీళ్ళలోకి యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. తర్వాత 10 గ్రాముల స్టానస్ క్లోరైడ్ వేసి, గాజు కడ్డీతో కలిపి, నీళ్ళు పోసి 250 చేస్తాను. స్టానస్ క్లోరైడ్‌ను ఉత్త నీళ్ళలో వేస్తే మజ్జిగలా తెల్లగా విరుగుతుంది. మొదటిసారి నేను ఆ తప్పే చేశాను. పొడి నకిలీదనుకుని షాపతనికి ఫోను కూడా చేశాను. ఆయనే ఓపిగ్గా చెప్పారు, "యాసిడ్ ముందుండాలి బాబూ" అని. ముందు యాసిడ్ ఉంటే నీళ్ళలా తేటగా కరుగుతుంది. కరగకుండా మిగిలితే మాత్రం ఆ పొడి ఎప్పుడో గాలి తగిలి పాడైందని అర్థం.

రెండో సీసాలో 35 గ్రాముల థయోయూరియా, గోరువెచ్చని నీళ్ళలో, మొత్తం 250 మిల్లీలీటర్లకు. కలుపుతుంటే బీకరు చేతికి చల్లబడుతుంది, అది కరగడానికి వేడిని లాక్కుంటుంది కాబట్టి. డిసెంబరు పొద్దుటి పూట ఈ సీసా అడుగున తెల్లటి స్ఫటికాలు దిగితే కంగారు పడక్కర్లేదు, కాస్త వెచ్చటి నీళ్ళ గిన్నెలో సీసా నిలబెడితే మళ్ళీ కరిగిపోతాయి.

పని ఉన్నప్పుడు రెండూ సమంగా కలుపుకుంటాను. కొన్ని రెసిపీల్లో సోడియం హైపోఫాస్ఫైట్ కూడా ఉంటుంది. దాన్ని వేసి చూశాను, వేయకుండానూ చూశాను, నా కంటికి తేడా కనిపించలేదు. వేడి తగిలితే విషవాయువు ఇచ్చే పొడి ఇంట్లో ఎందుకని మానేశాను.

స్టానస్ క్లోరైడ్ సీసాలో ఒక చిన్న తగరం ముక్క వేసి ఉంచుతాను. గాలి తగిలితే ద్రావణంలోని తగరం మరో రూపానికి మారి పనికిరాకుండా పోతుంది, ఆ లోహపు ముక్క దాన్ని మళ్ళీ పనికొచ్చే రూపానికి తెస్తుంది. సోల్డర్ తీగ ముక్క వేయకండి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది. నా ముక్క పాత పాత్రల కొట్టులో దొరికింది. కొట్టాయన డ్రాయరు అడుగున కాగితంలో చుట్టి ఉన్న కళాయి తగరం తీసి, "ఇప్పుడు ఎవరడుగుతున్నారండీ ఇది" అంటూ ఊరికే ఇచ్చేశారు.

ఇక ముంచడం. అసలు పని ముంచడంలో లేదు, అంతకుముందు కడగడంలో ఉంది. ఎచ్చింగ్ అయ్యాక బోర్డు మీద రాగిని కరిగించిన మందు, ఫెర్రిక్ క్లోరైడ్, ఆనవాలు కూడా మిగలకూడదు. అందులోని ఇనుము మన సొల్యూషన్‌లోకి వెళితే తగరాన్ని పాడుచేస్తుంది. నా రెండో బ్యాచ్ అలాగే చెడిపోయింది. బోర్డును కుళాయి కింద పది సెకన్లు తిప్పి ముంచేశాను, పూత మచ్చలు మచ్చలుగా, మసిరంగులో వచ్చింది. ఆ తర్వాత పెట్టిన బోర్డులకూ అంతే. ఇప్పుడు ముందు నీళ్ళలో బాగా కడిగి, ఎచ్చింగ్‌లో ట్రాకులను కప్పి ఉంచిన టోనర్ (ప్రింటరు పొడి సిరా) పొరను థిన్నర్‌తో తీసేసి, గిన్నెలు తోమే పచ్చ పీచుతో ట్రాకులు గులాబీ రంగు తేలేదాకా రుద్ది, పలచటి యాసిడ్ నీళ్ళలో అర నిమిషం ముంచి, మళ్ళీ డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతాను. అక్కడి నుంచి రాగిని వేలితో ముట్టను, అంచులే పట్టుకుంటాను. వేలిముద్ర పడినచోట తగరం పట్టదు, ఆ ముద్ర గీతలతో సహా బోర్డు మీద ఉండిపోతుంది. అమ్మమ్మ రాగి చెంబులకు వాడే చింతపండు కూడా రాగిని బ్రహ్మాండంగా మెరిపిస్తుంది, కానీ దాని పిప్పి సన్న ట్రాకుల మధ్య ఇరుక్కుంటుంది. పెద్ద బోర్డుకైతే సరే.

ప్లాస్టిక్ ట్రేలో బోర్డు రాగి వైపు పైకి కనిపించేలా పెట్టి సొల్యూషన్ పోస్తాను. స్టీలు ట్రే, స్టీలు చెంచా వద్దు. ట్రేను ఉయ్యాల ఊపినట్టు మెల్లగా ఊపుతూ ఉంటే కొన్ని సెకన్లలోనే గులాబీ రంగు పాలిపోతుంది. నిమిషానికి బోర్డంతా తెల్లటి బూడిద రంగు. చూడటానికి అక్కడికే అయిపోయినట్టుంటుంది గానీ మా ఎండాకాలపు గది వేడిలో ఐదు నిమిషాలు, చలికాలంలో పది నిమిషాలు ఉంచుతాను. కళాయి గిన్నెలా తళతళలాడదు, పాత రూపాయి బిళ్ళలా మెత్తటి తెలుపు. తీశాక బాగా కడిగి, చిటికెడు వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో ఒక ముంచు ముంచి, మళ్ళీ కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడతాను. తడి మరక ఉండనివ్వకూడదు.

ఆ రోజో మర్నాడో పార్టులు సోల్డర్ చేసేయడం మంచిది. పూత పలచన కాబట్టి కింది రాగి, పైన తగరం నెమ్మదిగా ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి, నెలలు గడిచేకొద్దీ సోల్డర్ పట్టే గుణం తగ్గిపోతుంది. ఏడాదికి సరిపడా బోర్డులు ఒకేసారి పూత వేసి దాచుకుందామంటే కుదరదు.

ఒక లెక్క చెప్తాను. 10 గ్రాముల స్టానస్ క్లోరైడ్‌లో తగరం దాదాపు ఐదుంపావు గ్రాములు. వంద చదరపు సెంటీమీటర్ల రాగి మీద ఒక మైక్రాను పూతకు పట్టేది 0.073 గ్రాములు. కాగితం మీద అర లీటరుతో అలాంటి డెబ్భై బోర్డులకు పూత పడాలి. నిజంలో అలా కాదు, కరిగిన రాగి సొల్యూషన్‌లో పేరుకుంటూ పోతుంది, గాలి తన పని తాను చేస్తుంది. నేను ఇరవై బోర్డుల దగ్గర ఆపేసి కొత్తది కలుపుతాను. సీసా మీద కలిపిన తేదీ, ముంచిన బోర్డులకు ఒక్కో గీత.

జాగ్రత్తల గురించి తేలిగ్గా చెప్పి వదిలేయలేను. థయోయూరియా క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న పదార్థం, థైరాయిడ్ మీద పనిచేస్తుంది, గర్భంలోని బిడ్డకూ హాని చేయవచ్చని హెచ్చరిక ఉంది. ఆ పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకుంటాను. నైట్రైల్ గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. పని మొత్తం పెరటి వసారాలోనే, వంటింటి గిన్నె ఒక్కటి కూడా ముట్టకుండా. మా చెల్లి కడుపుతో పుట్టింటికి వచ్చిన నాలుగు నెలలూ ఈ సీసాల మూత తీయలేదు. యాసిడ్ సీసాను పనిముట్లున్న బీరువాలో మాత్రం పెట్టకండి, మూత ఎంత బిగించినా ఆవిరి వస్తుంది. మంచి కటింగ్ ప్లయర్లు మూడు అలా తుప్పుపట్టి పోయాయి నాకు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది వాడేసిన సొల్యూషన్. మా పెరటి వెనకే మురుగు కాలువ. మా ఊళ్ళో ఏది పారబోసినా అందులోకే. దాని నీళ్ళు కిందికి పోతూ ఎన్ని చెరువుల మోటార్లకు అందుతాయో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మోటార్ల స్టార్టర్లు బాగుచేసేది నేనే. థయోయూరియా నీటి జీవాలకు చేటు, రాగి అంతకన్నా. రొయ్యలను కాపాడే బోర్డు కోసం కలిపిన మందు వాటి నీళ్ళలోకే వెళ్ళడానికి వీల్లేదు. వాషింగ్ సోడా వేసి యాసిడ్‌ను విరిచేస్తే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు. తగరం తెల్లగా అడుగుకు దిగుతుంది గానీ, థయోయూరియా పట్టుకున్న రాగి నీళ్ళలోనే ఉండిపోతుంది, థయోయూరియా సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్లీచింగ్ వేసి శుభ్రం చేద్దామని అసలు అనుకోవద్దు, యాసిడ్‌తో అది క్లోరిన్ వాయువు ఇస్తుంది. నేను వాడినదంతా, బోర్డు మొదటి కడుగు నీళ్ళతో సహా, ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యానులో పోసి, మీద పెద్ద అక్షరాలతో రాసి తాళం వేసి ఉంచుతాను. ఫెర్రిక్ క్లోరైడ్‌కు వేరే క్యాను. కాకినాడలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడు ఉన్నాడు, వాళ్ళ ల్యాబు వ్యర్థాలు తీసుకెళ్ళే బండి వచ్చే ముందు ఫోను చేస్తాడు, నా క్యాన్లు కూడా అందులో పంపిస్తాను. ఇలాంటి దారి ముందే చూసుకోకుండా ఎవరూ ఇది కలపవద్దని నా మాట.

తగరం ఒక్కటే బోర్డును ఉప్పుగాలి నుంచి కాపాడుతుందని నేను చెప్పను. ఒక మైక్రాను పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. పార్టులు అతికాక ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్ బ్రష్‌తో కడిగి, రెండు పొరలుగా యాక్రిలిక్ లాకర్ స్ప్రే కొడతాను. డబ్బాకు కింది వైపు చిన్న రంధ్రం ఉంచుతాను, లోపల చేరిన నీటిబొట్టు దిగిపోవడానికి. రాగి శుభ్రంగా ఉన్నప్పుడే తగరం పట్టింది కాబట్టి సోల్డర్ ఒక్క తాకుడికి పారుతుంది, ఫ్లక్స్ తక్కువ పడుతుంది, కడగాల్సింది కూడా తక్కువే. నాకు తగరం చేసిన పెద్ద మేలు ఇదే అనుకుంటున్నాను.

బాబాయ్ షెడ్డులో కొత్త బోర్డు పెట్టి పోయిన వారానికి పది నెలలు నిండాయి. ఆదివారం పొద్దున్నే వెళ్ళి డబ్బా విప్పాను. గట్టు మీద ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. టార్చి వేసి ట్రాకు ట్రాకునా చూశాను. ఒక స్క్రూ దగ్గర లాకర్ లేచిన చోట కొంచెం నల్లబడింది, మిగిలిందంతా పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మెయిన్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు లాగాను. హారన్ గట్టు అవతలి కొబ్బరి తోట దాకా మోగింది. బాబాయ్ చేతిలో మేత బకెట్‌తో పరుగెత్తుకు వచ్చి, నన్ను చూసి ఆగి, "చెప్పి లాగొచ్చు కదరా" అన్నాడు. నల్లబడిన చోటుకు లాకర్ ఇంకో పొర వేసి, ఆరేదాకా ఆయనతో గట్టు మీద కూర్చుని వచ్చాను.